సైట్‌లో యాడ్స్ ఎన్ని, ఎక్కడ? పాఠకులు విసుక్కోకుండా ఆదాయం నిలబెట్టుకునే పద్ధతి

"పేజీకి ఎన్ని యాడ్స్ పెట్టొచ్చు?" అని చాలామంది అడుగుతుంటారు. గూగుల్ ప్రకటనల సేవ అయిన యాడ్‌సెన్స్‌లో ఒకప్పుడు పేజీకి 3 అనే హద్దు ఉండేది. 2016లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడున్న నియమం ఒక్కటే: పేజీలో ప్రకటనలు అసలు విషయాన్ని మించకూడదు. కాబట్టి ఫలానా సంఖ్య అని చెప్పడం కుదరదు. మీ పేజీ పొడవు, అందులో ఉన్న సరుకు, పాఠకుడు ఏ పని మీద వచ్చాడన్నది చూసి లెక్క తీసుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా ఫోన్లలో చదివే తెలుగు సైట్ల గురించి: వంటలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, పరీక్షా ఫలితాలు, భక్తి, వార్తలు. ప్రకటనలు యాడ్‌సెన్స్ నుంచి వస్తున్నాయనుకుందాం. కింది అడుగుల వరుస మార్చకండి. లెక్క తీయకుండా యాడ్స్ కదిపితే, తర్వాత ఏ మార్పు వల్ల ఏం జరిగిందో చెప్పలేరు.

1. ముందు ఇప్పటి లెక్క రాసిపెట్టుకోండి

చాలామంది చూసేది పేజీ ఆర్‌పీఎం, అంటే వెయ్యి పేజీ వ్యూలకు వచ్చే ఆదాయం. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. యాడ్స్ పెంచగానే ఆ అంకె పెరుగుతుంది, మనం సంతోషిస్తాం. కానీ విసుగెత్తిన పాఠకుడు రెండో పేజీ తెరవకుండా వెళ్లిపోతే ఆ సంగతి ఆర్‌పీఎంలో కనిపించదు.

కొన్ని ఊహా అంకెలతో చూద్దాం. నెలకు 10,000 సెషన్లు (పాఠకుడు ఒకసారి వచ్చి వెళ్తే ఒక సెషన్), ఒక్కో సెషన్‌లో సగటున 1.8 పేజీలు. మొత్తం 18,000 వ్యూలు. పేజీ ఆర్‌పీఎం ₹40 అయితే ఆదాయం ₹720. ఇప్పుడు మరో మూడు యాడ్స్ పెట్టారు. ఆర్‌పీఎం ₹50కి ఎగబాకింది, 25 శాతం లాభంలా కనిపిస్తోంది. అయితే సెషన్‌కు పేజీలు 1.35కి పడ్డాయి. వ్యూలు 13,500, ఆదాయం ₹675. రిపోర్టులో పచ్చబాణం పైకి చూపిస్తుంటే చేతికొచ్చే డబ్బు తగ్గింది.

అందుకని ఆదాయాన్ని సెషన్ల లెక్కన వేయండి. నెల ఆదాయాన్ని సెషన్ల సంఖ్యతో భాగించి వెయ్యితో గుణించండి. పై ఉదాహరణలో అది ₹72 నుంచి ₹67.50కి దిగింది. ఇకపై మీరు కాపాడుకోవాల్సింది ఈ అంకెనే.

గత 28 రోజులకు ఇవి రాసుకోండి:

- మొత్తం సెషన్లు, సెషన్‌కు పేజీలు (గూగుల్ అనలిటిక్స్ నుంచి)
- సగటు ఎంగేజ్‌మెంట్ సమయం (పాఠకుడు పేజీ చూస్తూ గడిపిన సమయం)
- తిరిగొచ్చిన పాఠకుల సంఖ్య
- ఆదాయం, పేజీ ఆర్‌పీఎం, వెయ్యి సెషన్లకు ఆదాయం
- గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కోర్ వెబ్ వైటల్స్ (పేజీ వేగం, స్పందన, కుదురు కొలిచే అంకెలు) పరిస్థితి

రెండు జాగ్రత్తలు. మొదటిది, ఇండియా అంకెలు వేరుగా, అమెరికా అంకెలు వేరుగా రాయండి. అక్కడి తెలుగువాళ్ల వ్యూలకు రేటు బాగా ఎక్కువ ఉంటుంది. ఒక వ్యాసం అమెరికా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే చాలు, మీరేమీ చేయకపోయినా ఆర్‌పీఎం పెరుగుతుంది. రెండోది, దసరా–దీపావళి నెలల్ని జనవరితో పోల్చకండి. పండగ సీజన్‌లో ప్రకటనదారులు ఎక్కువ ఖర్చు పెడతారు, కొత్త ఏడాది మొదట్లో చేయి బిగిస్తారు.

2. పాఠకుడి ఫోన్‌లో మీ పేజీ చూడండి

ఆఫీసు వైఫైలో, పెద్ద స్క్రీన్ మీద సైట్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. పది వేల రూపాయల ఫోన్ తీసుకోండి. మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటో విండోలో, గూగుల్ సెర్చ్ నుంచి మీ వ్యాసం తెరవండి. ఎక్కువ మంది చూసే పేజీలు ఐదింటిని ఇలా చూస్తే చాలు. మీ యాడ్స్ మీద మాత్రం మీరే నొక్కకండి. పరీక్ష కోసమైనా సరే, అది చెల్లని క్లిక్కే.

చూడాల్సినవి:

- తెరవగానే, వేలు కదపకముందే, వ్యాసంలోని రెండు మూడు వాక్యాలైనా కనిపిస్తున్నాయా?
- చదువుతుండగా అక్షరాలు కిందికో పైకో దూకుతున్నాయా?
- ఒకేసారి స్క్రీన్‌ను ఎన్ని పట్టీలు ఆక్రమిస్తున్నాయి?
- మూసేసే ఎక్స్ గుర్తు మొదటిసారి నొక్కగానే పట్టీ మూసుకుంటోందా?

మూడో ప్రశ్న తెలుగు సైట్లకు మరీ ముఖ్యం. కింద యాంకర్ యాడ్ (స్క్రీన్ అంచుకు అతుక్కుని ఉండే ప్రకటన), దానిపైన "వాట్సాప్ గ్రూపులో చేరండి" పట్టీ, పక్కన టెలిగ్రామ్ గుండ్రటి బటన్, పైన మెనూ, మధ్యలో నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగే పెట్టె. వీటిలో ప్రకటన ఒక్కటే, కానీ పాఠకుడికి అన్నీ అడ్డే. చాలాసార్లు యాడ్స్ జోలికే వెళ్లక్కర్లేదు, మన సొంత పట్టీలు తీసేస్తే సగం చిరాకు పోతుంది.

3. ఎత్తు కొలవండి: 30 శాతం హద్దు

కోయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ అనే పరిశ్రమ సంస్థ 2017లో పెట్టిన ప్రమాణాల ప్రకారం, మొబైల్ పేజీలో వ్యాసం ఉన్న భాగం ఎత్తులో యాడ్స్ ఎత్తు 30 శాతం మించకూడదు. 2019 జులై నుంచి క్రోమ్ ఈ ప్రమాణాల్ని ప్రపంచమంతటా అమలు చేస్తోంది. పదే పదే ఉల్లంఘించే సైట్‌లో యాడ్స్ అన్నింటినీ ఆపేస్తుంది, తప్పు చేసిన ఒక్కదాన్నే కాదు.

తెలుగు పేజీకి లెక్క ఇలా వేయొచ్చు. ఫోన్ వెడల్పు 360 పిక్సెల్స్, రెండు పక్కలా ఖాళీ పోను 328. అక్షరం సైజు 18, వరుస ఎత్తు 30 అయితే వరుసకు సుమారు నాలుగు మాటలు పడతాయి. 600 మాటల వ్యాసం 150 వరుసలు, అంటే 4,500 పిక్సెల్స్. శీర్షిక, రెండు ఫొటోలు కలిపితే దాదాపు 5,000.

అందులో 300×250 సైజు యాడ్స్ ఎనిమిది పెట్టారనుకోండి. యాడ్స్ ఎత్తు 2,000, మొత్తం 7,000. అది 28 శాతం దాటింది, గీత మీద నడుస్తున్నట్టే. నాలుగు పెడితే 1,000 బై 6,000, అంటే 17 శాతం లోపు. 600 మాటల వ్యాసానికి నాలుగు సరిపోతాయి. 300 మాటల వ్యాసానికి రెండు చాలు. 30 అనేది ఆగిపోవాల్సిన గీత. అక్కడిదాకా పోవాలని ఎవరూ అనలేదు.

60 మాటల పేరాకో యాడ్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. 60 మాటలంటే 15 వరుసలు, 450 పిక్సెల్స్. పక్కన 250 యాడ్ వస్తే 35 శాతం దాటిపోతుంది.

4. వెంటనే తీసేయాల్సినవి

వీటికి పరీక్షలూ లెక్కలూ అక్కర్లేదు:

- చదువుతుండగా ఎగిరొచ్చే పాపప్, వేరే ట్యాబ్‌లో తెరుచుకునే పాప్‌అండర్
- శబ్దంతో తనంతట తానే మొదలయ్యే వీడియో యాడ్
- "5 సెకన్లు ఆగండి" అంటూ విషయాన్ని దాచే తెర
- గబగబా రంగులు మారుతూ మెరిసే బ్యానర్
- స్క్రీన్‌లో 30 శాతానికి మించి అతుక్కుపోయే పట్టీ
- వెనక్కి బటన్ నొక్కితే పాత పేజీకి పోనివ్వకుండా మరో యాడ్ పేజీ చూపించే స్క్రిప్ట్

చివరిది సాధారణంగా మీకు తెలియకుండానే వస్తుంది. ఉచితంగా దొరికిన థీమ్‌లోనో, "ఆదాయం రెట్టింపు" అని ఈమెయిల్ పంపిన ఏదో యాడ్ నెట్‌వర్క్ కోడ్‌లోనో దాక్కుని ఉంటుంది. యాడ్‌సెన్స్ కోడ్ ఒక్కటీ ఉంచి, మిగతా నెట్‌వర్క్‌ల కోడ్‌లు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. దొంగ దొరుకుతాడు.

5. యాడ్ వచ్చేముందే చోటు ఉంచండి

చదువుతున్న వాక్యం హఠాత్తుగా కిందికి జారిపోవడం పాఠకుడికి అన్నిటికన్నా చిరాకు. దీన్ని కొలిచే అంకె సీఎల్ఎస్, అది 0.1 దాటకూడదు. యాడ్ ఆలస్యంగా వచ్చి, తనకు చోటు చేసుకోవడానికి కింద ఉన్నదాన్ని నెట్టేయడం వల్ల ఇది జరుగుతుంది.

చేయాల్సింది: యాడ్ ఉండే పెట్టెకు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) మిన్-హైట్, అంటే కనీస ఎత్తు, ఇవ్వండి. 300×250 యాడ్ అయితే 250, పైన "ప్రకటన" అనే మాటకు మరో 20 కలిపి 270. రెస్పాన్సివ్ యూనిట్ (చోటును బట్టి సైజు మారే యాడ్) వాడి 250 మాత్రమే కేటాయిస్తే, 336×280 వచ్చిన రోజున మళ్లీ 30 పిక్సెల్స్ జారుతుంది. అందుకే వ్యాసం పైభాగంలో స్థిరమైన సైజే మేలు.

యాడ్ రాని పెట్టె ఖాళీగా తెల్లగా మిగులుతుంది. యాడ్‌సెన్స్ అలాంటి పెట్టెకు డేటా-యాడ్-స్టేటస్ దగ్గర అన్‌ఫిల్డ్ (నిండలేదు) అని రాస్తుంది. దాని ఆధారంగా సీఎస్ఎస్‌తో దాచొచ్చు. అయితే కింద ఉన్న పెట్టెలకే ఈ పని చేయండి. మొదటి స్క్రీన్‌లో దాస్తే మళ్లీ పేజీ దూకుతుంది.

మరో మాట. తెలుగు వెబ్ ఫాంట్ ఆలస్యంగా లోడై వరుసల ఎత్తు మారినా ఇదే జారుడు కనిపిస్తుంది, తప్పు యాడ్ మీద పడుతుంది. యాడ్స్ ఆపేసి ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది.

6. పేజీ రకాన్ని బట్టి స్థానాలు

ఈ అడుగులో తొందరపడకండి. ఒకే నమూనా సైట్ మొత్తానికి పెట్టడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

*వంటల పేజీ.* పాఠకులు పదార్థాల జాబితాకు, తయారీకి మధ్య పదిసార్లు పైకీ కిందికీ జరుపుతారు. పులిహోరకు చింతపండు ఎంతో మళ్లీ చూసుకోవాలి, అదీ పిండి అంటిన వేలితో. ఆ రెండింటి మధ్య యాడ్ పెడితే పొరపాటు క్లిక్కులు తప్పవు. మొదటి యాడ్ పరిచయం తర్వాత, జాబితాకు ముందు. రెండోది తయారీ సగమయ్యాక, ఒక అంచె పూర్తయిన చోట. మూడోది చివర్లో, చిట్కాల కింద. జాబితా లోపల, కొలతల మీద ఏదీ వద్దు. మూలన తేలే వీడియో ఈ పేజీలో అసలు వద్దు, కొలతలున్న వరుసనే మూసేస్తుంది.

*నోటిఫికేషన్, ఫలితాల పేజీ.* పాఠకుడు ఒక్క లింకు కోసం వస్తాడు. ఆ లింకుకు పైనా కిందా 150 పిక్సెల్స్ దూరంలో ఏ యాడ్ ఉండకూడదు. "డౌన్‌లోడ్", "ఓపెన్" అని పెద్ద బటన్‌తో వచ్చే ప్రకటనలు అసలు లింకు పక్కన పడితే పాఠకుడు మోసపోతాడు. అలాంటి క్లిక్కుల డబ్బు నిలవదు. చెల్లనివని తేలితే గూగుల్ కోత వేస్తుంది. పొరపాటు క్లిక్కులు ఎక్కువైతే మీ యాడ్స్‌కు రెండుసార్లు నొక్కే నిబంధన పెడుతుంది, ఆదాయం ఒక్కసారిగా పడుతుంది. చివరి తేదీ, అర్హత, ఖాళీల పట్టిక ముందు చూపించి, దాని కింద మొదటి యాడ్ పెట్టండి.

*పొడవైన వ్యాసం, వార్తా విశ్లేషణ.* ఇక్కడ కాస్త చనువు తీసుకోవచ్చు. మొదటి యాడ్ రెండో పేరా తర్వాత. ఆ తర్వాత ఒక్కో ఉపశీర్షికకు ముందు, రెండు యాడ్స్ మధ్య కనీసం 150 మాటలు. వాక్యం నడుమ, ఫొటోకూ దాని వ్యాఖ్యకూ మధ్య పెట్టకండి.

*మంత్రాలు, స్తోత్రాలు.* పారాయణ చేసేవాళ్లు ఫోన్ ఎదురుగా పెట్టుకుని చదువుతారు. శ్లోకాల మధ్య యాడ్స్ వద్దు. మొదట్లో ఒకటి, చివర ఒకటి.

యాడ్‌పైన "ప్రకటనలు" అని ఉండొచ్చు. "ఉపయోగపడే లింకులు", "ఇవీ చదవండి" అని రాస్తే నియమ ఉల్లంఘన.

7. ఆటో యాడ్స్‌ను అదుపులో పెట్టండి

ఆటో యాడ్స్ ఆన్ చేసి వదిలేస్తే గూగుల్ తన లెక్కన నింపుతుంది. ఎలాగూ చేతితో స్థానాలు ఎంచుకున్నారు కాబట్టి, పేజీ లోపలి ఆటో యాడ్స్ ఆపేయండి. లేదా గరిష్ఠ సంఖ్య, యాడ్స్ మధ్య కనీస దూరం సెట్ చేయండి. సంప్రదించే పేజీ, గోప్యతా విధానం పేజీలను మినహాయింపు జాబితాలో చేర్చండి. పదార్థాల జాబితా వంటి భాగాలను కూడా మినహాయించే వీలుంది.

యాంకర్ యాడ్ కింద ఒకటి ఉంచొచ్చు. పాఠకుడు సులువుగా మూసేయగలడు, ఆదాయమూ తెస్తుంది. దానికి చోటు కావాలంటే మీ వాట్సాప్ పట్టీని వ్యాసం చివరికి పంపండి.

పేజీ మారేటప్పుడు స్క్రీన్ నిండా వచ్చే విన్యెట్ యాడ్‌కు రేటు బాగుంటుంది, అందుకే ఆశ పుడుతుంది. రెండు విన్యెట్‌ల మధ్య వ్యవధి 10 నిమిషాలకన్నా తగ్గించకండి. ట్యాబ్ మార్చి వెనక్కి రాగానే చూపించే అదనపు సందర్భాలు ఆపేయండి. పరీక్షా ఫలితాల రోజున విన్యెట్ పూర్తిగా ఆపడం మంచిది. ఆ రోజు వచ్చే పిల్లలు కంగారులో ఉంటారు.

యూరప్, బ్రిటన్ పాఠకులకు చూపాల్సిన కుకీల అనుమతి పెట్టెను ఆ ప్రాంతాలకే పరిమితం చేయండి. గుంటూరులో ఉన్న పాఠకుడికి అది చూపించడంలో అర్థం లేదు.

8. ఏ ప్రకటనలు రాకూడదో తేల్చండి

నాలుగే యాడ్స్ ఉన్నా, అందులో ఒకటి వశీకరణం గురించైతే సైట్ మీద నమ్మకం పోతుంది. యాడ్‌సెన్స్‌లో బ్లాకింగ్ కంట్రోల్స్‌కు వెళ్లి సున్నిత విభాగాల్లో ఇవి ఆపండి: చేతబడి–జ్యోతిషం, త్వరగా డబ్బు సంపాదించే పథకాలు, డేటింగ్, బరువు తగ్గించే మందులు, శరీర ప్రదర్శన. ఒక్కో విభాగం పక్కన దానివల్ల వచ్చే ఆదాయ శాతం కనిపిస్తుంది. అది చూసుకుంటూ ఒక్కొక్కటి ఆపండి, అన్నీ ఒకేసారి ఆపితే పోటీ తగ్గి రేటు పడుతుంది. వారానికోసారి, మీ సైట్‌లో వచ్చిన ప్రకటనల్ని చూపే యాడ్ రివ్యూ సెంటర్‌లో దొంగ డౌన్‌లోడ్ బటన్లు, నకిలీ వైరస్ హెచ్చరికలు తీసేయండి.

బెట్టింగ్ యాప్‌లు నేరుగా ఈమెయిల్ పెట్టి నెలకింత ఇస్తామంటాయి. ఒప్పుకోకండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రచారాన్ని నిషేధించింది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, ₹50 లక్షల వరకు జరిమానా. డబ్బు తీసుకుని రాసిన వ్యాసాన్ని మామూలు వ్యాసంలా వేయడం కూడా చిక్కే. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మారువేషపు ప్రకటనను నిషేధిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. శీర్షిక కిందే "ప్రాయోజిత వ్యాసం" అని రాయండి.

9. ఒక్కో మార్పు, రెండేసి వారాలు

తీసేయాల్సినవి తీసేశాక, మిగతా మార్పుల్ని ఒక్కొక్కటిగా చేయండి. ఒక మార్పుకు 14 రోజులు. రోజుకు 500 సెషన్లలోపు ఉంటే 28 రోజులు ఆగండి. మొదటి మూడు రోజుల అంకెలు లెక్కలోకి తీసుకోకండి. నోట్‌బుక్‌లో తేదీ, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని రాయండి.

నిర్ణయం ఇలా:

- వెయ్యి సెషన్ల ఆదాయం 5 శాతం మించి పెరిగి, సెషన్‌కు పేజీలు దాదాపు అలాగే ఉంటే ఉంచండి.
- ఆదాయం కొద్దిగా పెరిగి పేజీలు తగ్గితే తీసేయండి. ఆ పెరుగుదల నిలబడదు.
- యాడ్ తీసేసినా ఆదాయం మారకపోతే అది అక్కడ అక్కర్లేదు. మళ్లీ పెట్టకండి.

మూడోది అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. పేజీ అడుగున, ఎవరూ చూడని చోట ఉన్న యాడ్స్ పేజీని బరువెక్కిస్తాయి తప్ప సంపాదించవు. తిరిగొచ్చే పాఠకుల సంఖ్య మాత్రం రెండు వారాల్లో తేలదు, రెండు నెలలకు చూడండి.

10. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

*క్లిక్కులు హఠాత్తుగా పెరిగాయి, నెలాఖరు కోత కూడా పెరిగింది.* ఏదో యాడ్ మెనూకో లింకుకో మరీ దగ్గరగా ఉంది. యూనిట్ల వారీ రిపోర్టులో ఒక్కటే మిగతావాటికన్నా చాలా ఎక్కువ క్లిక్కులు చూపిస్తే అదే. కిందికి జరపండి.

*పేజీ నొక్కితే స్పందించడం లేదు.* ఐఎన్‌పీ (నొక్కాక పేజీ స్పందించడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటిందేమో చూడండి. రెండు మూడు నెట్‌వర్క్‌ల స్క్రిప్ట్‌లు కలిసి ఫోన్‌ను ముంచుతాయి. ఒక్కదాన్నే ఉంచండి.

*కొన్ని యాడ్స్ వచ్చి మాయమవుతున్నాయి.* 4 ఎంబీ మించి డేటా లాగే యాడ్‌ను, లేదా ప్రాసెసర్‌ను అతిగా వాడేదాన్ని క్రోమే తీసేస్తుంది. మీ తప్పు కాదు, రివ్యూ సెంటర్‌లో ఆ ప్రకటనను ఆపండి.

*యాడ్స్ తగ్గించాక మొదటి వారం ఆదాయం పడింది.* పడుతుంది. 14 రోజులు పూర్తయ్యేదాకా వెనక్కి మార్చకండి.

*యాడ్ బ్లాకర్ వాడేవాళ్లు ఎక్కువయ్యారు.* పేజీకి తాళం వేయకండి, వాళ్లు పక్క సైట్‌కు పోతారు. యాడ్‌సెన్స్‌లోని గోప్యత, సందేశాల విభాగం నుంచి చిన్న విన్నపం చూపించండి, మూసే బటన్‌తో. రెండుసార్లు కాదన్నవాళ్లకు మూడోసారి చూపించకండి.